ఎనభై నాలుగు మాత్రలు

కాకినాడ జగన్నాథపురంలో మా బాబాయి గారింట్లో దేవుడి గూటి పక్కన ఒక రేకు డబ్బా ఉండేది. అందులో ఒకప్పుడు కాజాలు వచ్చాయి. కాజాలు అయిపోయాక పిన్ని దాన్ని మందుల డబ్బా చేసింది. బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, సగం వాడి వదిలేసిన దగ్గు మందు, ఎప్పటివో చీటీలు అన్నీ అందులోనే ఉండేవి. ఈ అధ్యాయం ఆ డబ్బా దగ్గర మొదలై మళ్ళీ అక్కడికే వస్తుంది.

2019లో బాబాయికి కంట్లో శుక్లం తీయించాలన్నారు. ఆపరేషన్‌కి ముందు మామూలుగా చేసే రక్త పరీక్షల్లో హెపటైటిస్ సి పాజిటివ్ అని వచ్చింది. ఆయన నమ్మలేదు. “నాకు జన్మలో కామెర్లు రాలేదు కదరా అబ్బాయ్, లివర్ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?” అన్నారు. మంచి ప్రశ్న. ఈ వైరస్ ఇన్నేళ్లు మనిషి కళ్లుగప్పి ఎలా బతికిందో ఆ ప్రశ్నలోనే ఉంది.

కామెర్లు రాని కాలేయ జబ్బు

మన ఊళ్లలో లివర్ జబ్బు అంటే కామెర్లే. కళ్లు పచ్చబడాలి, అన్నం సయించకూడదు. అప్పుడు పసరు పోయించడానికి బయల్దేరతారు. నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇస్తారు, కొన్నిచోట్ల చేతి మీద వాత పెడతారు. మూడు నాలుగు వారాల్లో కళ్లు తెల్లబడతాయి, పసరు పనిచేసిందంటారు. నిజానికి కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు పోసినా పోయకపోయినా ఆ కళ్లు తెల్లబడేవే.

హెపటైటిస్ సి దారి వేరు. అది నీటిలో రాదు, రక్తంలో వస్తుంది. ఒంట్లోకి చేరినప్పుడు చాలామందికి ఏమీ తెలియదు. సోకినవాళ్లలో కొందరికి ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది. మిగిలిన ఎక్కువమందిలో కాలేయంలో తిష్ఠ వేసి, ఇరవై ముప్పై ఏళ్లు చడీచప్పుడు లేకుండా దాన్ని తినేస్తూ ఉంటుంది. దెబ్బ తగిలిన ప్రతిచోటా మచ్చ కడుతుంది. మచ్చలన్నీ కలిసి కాలేయం గట్టిపడితే అది సిరోసిస్. కొందరిలో అదే క్యాన్సర్‌కి దారితీస్తుంది. కళ్లు పచ్చబడి కడుపులో నీరు చేరే నాటికి చాలా ఆలస్యమైపోతుంది.

బాబాయికి 1991లో కడుపు ఆపరేషన్ జరిగింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. అప్పట్లో మన దేశంలో దాత రక్తాన్ని ఈ వైరస్ కోసం పరీక్షించడం లేదు. 2001లోగాని ఆ పరీక్ష తప్పనిసరి కాలేదు. ఇక సూదుల సంగతి మా తరం వాళ్లందరికీ తెలుసు. జ్వరం వస్తే సూది పడాల్సిందే. ఆర్.ఎం.పి. గారి స్టీలు గిన్నెలో వేడినీళ్లలో తేలే గాజు సిరంజి ఊరందరికీ ఒకటే. బాబాయికి ఈ వైరస్ సీసాలోంచి వచ్చిందో సూదిలోంచి వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఎలా వచ్చినా, ఏళ్ల తరబడి ఆయన దాన్ని మోశారు.

ఆయన ఒక్కరే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది, మన దేశంలోనే సుమారు 55 లక్షల మంది ఈ వైరస్‌తో బతుకుతున్నారు. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

పేరు లేని శత్రువు

1970ల్లో అమెరికాలో హార్వే ఆల్టర్ రక్తం ఎక్కించుకున్న రోగులను వెంటాడి గమనించారు. హెపటైటిస్ ఎ కాదు, బి కాదు, అయినా కాలేయం వాస్తోంది. ‘ఎ కాని, బి కాని హెపటైటిస్’ అని మాత్రమే దాన్ని పిలవగలిగారు. 1989లో ఖైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జ్ కువో ఆ వైరస్ జన్యుపదార్థపు ముక్కను పట్టుకున్నారు. మైక్రోస్కోపులో ముఖం చూడకముందే, దాని రాత చదివి గుర్తించిన వైరస్ ఇది. 1997లో చార్ల్స్ రైస్ బృందం, ఆ జన్యుపదార్థం ఒక్కటే కాలేయంలోకి ఎక్కిస్తే చాలు జబ్బు వస్తుందని చింపాంజీల్లో నిరూపించింది. ఆల్టర్, హౌటన్, రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది.

మందు కనిపెట్టాలంటే మరో గండం ఉంది. ఈ వైరస్ గాజు పాత్రలో పెరిగేది కాదు. పెరగనిదాన్ని ఏ మందు చంపిందో ఎలా తెలుస్తుంది? 1999లో జర్మనీలో రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ బృందం వైరస్ జన్యువులో తనను తాను నకలు చేసుకునే భాగాన్ని మాత్రం తీసి, కాలేయ కణాల్లో పెరిగేలా చేసింది. తర్వాతి మందుల వేట అంతా ఆ కణాల మీదే నడిచింది.

అంతదాకా ఉన్న దిక్కు ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్. 1991లో అనుమతి వచ్చిన ఆ మందు వైరస్‌ని నేరుగా కొట్టదు, ఒంటి రక్షణ వ్యవస్థను ఉసిగొల్పుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది దాకా సూదులు పొడిపించుకోవాలి. ప్రతి సూదికీ జ్వరం, ఒళ్లు నొప్పులు. జుట్టు ఊడేది, మనసు కుంగిపోయేది. తోడుగా ఇచ్చే రిబవిరిన్ రక్తం తగ్గించేసేది. ఇంత భరించినా, 1వ జన్యురకం వైరస్ ఉన్నవాళ్లలో సగం మందికి కూడా నయమయ్యేది కాదు.

పక్కన బొడిపె ఉన్న పెట్టె

ఈ వైరస్ రాత సుమారు 9,600 అక్షరాల ఆర్.ఎన్.ఎ. దారం. నాలుగే అక్షరాలు: ఎ, యు, జి, సి. సామర్లకోట స్టేషన్లో గూడ్సు బండికి పెట్టెలు తగిలించడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వైరస్ దగ్గర పాలిమరేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ఒక్కో అక్షరాన్ని తెచ్చి, ముందున్న పెట్టె కొక్కేనికి తగిలిస్తూ 9,600 పెట్టెల బండిని కడుతుంది. ఆ బండే కొత్త వైరస్‌కి ప్రాణం.

ఇప్పుడు ఆ షెడ్డులోకి ఒక దొంగ పెట్టెను పంపుదాం. చూడ్డానికి ‘యు’ పెట్టెలాగే ఉంటుంది. ఎంజైమ్ నమ్మి తగిలించేస్తుంది. కానీ దాని కొక్కెం పక్కన ఒక బొడిపె ఉంది. తర్వాతి పెట్టె దగ్గరకు రాగానే ఆ బొడిపె అడ్డుపడుతుంది. బండి అక్కడితో ఆగిపోతుంది. సోఫోస్బువిర్ చేసే పని ఇదే.

దొంగ పెట్టెను కాలేయ కణం దాకా చేర్చడం మరో విద్య. ఈ అక్షరం పనిచేయాలంటే దానికి మూడు ఫాస్ఫేట్లు తగలాలి. రెండోది, మూడోది కణమే తగిలిస్తుంది. మొదటిది తగిలించడానికి మాత్రం మొరాయిస్తుంది. పోనీ ఒక ఫాస్ఫేట్ తగిలించి పంపుదామంటే, దాని విద్యుదావేశం వల్ల కణం గోడ దాటి లోపలికి పోలేదు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో క్రిస్ మెక్‌గైగన్ దీనికి ఉపాయం కనిపెట్టారు. మొదటి ఫాస్ఫేట్ తగిలించి, దానిమీద ముసుగు కప్పి పంపాలి. పేగుల్లోంచి రక్తం ముందుగా కాలేయానికే వెళ్తుంది. అక్కడి ఎంజైమ్‌లు ముసుగు తీసేస్తాయి. మందు కాలేయంలోనే పోగుపడుతుంది. కోవిడ్ రోజుల్లో మనల్ని ఊరూరా పరుగులు పెట్టించిన రెమ్‌డెసివిర్ కూడా ఇలాంటి ముసుగు వేసుకున్న అణువే.

అమెరికాలోని ఫార్మాసెట్ అనే చిన్న కంపెనీలో మైకేల్ సోఫియా బృందం 2007లో ఈ ముసుగును ‘యు’ అక్షరానికి తొడిగింది. ఆ అణువుకు పెట్టిన నంబరు పి.ఎస్.ఐ.-7977. తర్వాత ఆయన పేరు కలిసొచ్చేలా అది సోఫోస్బువిర్ అయింది.

వైరస్ ఓడి, మందూ ఓడిన చోట

కథ ఇక్కడ ఆపితే తెలివైన అణువు గెలిచిందనిపిస్తుంది. కానీ దానిలాగే తెలివైన అణువులు మరెన్నో ఆ దారిలో రాలిపోయాయి. అవి ఎందుకు రాలాయో తెలియకుండా బాబాయి మాత్ర అర్థం కాదు.

బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ మందు బి.ఐ.ఎల్.ఎన్.-2061 ఈ వైరస్‌ని నేరుగా కొట్టగలమని మనుషుల్లో తొలిసారి చూపించింది. రెండే రెండు రోజులు ఇస్తే రోగుల రక్తంలో వైరస్ వందల నుంచి వేల రెట్లు పడిపోయింది. 2003లో ఆ వార్తకు శాస్త్రలోకం అబ్బురపడింది. ఈలోగా పెద్ద మోతాదులిచ్చిన కోతుల గుండె కండరంలో దెబ్బ కనిపించింది. పరిశోధన ఆపేశారు.

2011 మే నెలలో టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ అనే మందులు అనుమతి పొందాయి. ఇంటర్ఫెరాన్‌తో కలిపి ఇవ్వాలి, అదీ 1వ జన్యురకానికే. మన దేశంలో ఎక్కువగా కనబడేది 3వ రకం కాబట్టి మనకు అవి పెద్దగా అక్కరకు రాలేదు. టెలాప్రెవిర్ కొందరిలో ఒంటినిండా దద్దుర్లు తెచ్చింది. దద్దుర్లు ముదిరాక కూడా మందు ఆపనివాళ్లలో మరణాలు నమోదై, 2012 డిసెంబరులో మందు సమాచార పత్రంలో నల్లగీతల హెచ్చరిక వేయాల్సి వచ్చింది.

ఫార్మాసెట్ ఇంట్లోనే ఇంకో పాఠం ఉంది. 2011లో వాళ్లు రెండు తోబుట్టువు మందులను ఒకే పరీక్షలో నడిపారు. ఒకటి ‘యు’ అక్షరం మీద కట్టిన 7977. రెండోది ‘జి’ అక్షరం మీద కట్టిన పి.ఎస్.ఐ.-938. రెండూ వైరస్‌ని బాగానే కొడుతున్నాయి. డిసెంబరులో, 938 తీసుకుంటున్న వాళ్ల కాలేయ పరీక్షలు తేడాగా వచ్చాయి. ఆ మందును అక్కడికక్కడే ఆపేసి, 7977ను మాత్రం కొనసాగించారు. అదే రోజుల్లో న్యూజిలాండ్‌లో ఎడ్వర్డ్ గేన్ నడిపిన ప్రయోగంలో 7977, రిబవిరిన్ కలిపి 12 వారాలు తీసుకున్న 2, 3 రకాల రోగులు 40 మందికీ వైరస్ పోయింది. వాళ్లలో పదిమందికి ఒక్క ఇంటర్ఫెరాన్ సూది కూడా వేయలేదు. గిలియడ్ సుమారు 1,100 కోట్ల డాలర్లు పెట్టి ఫార్మాసెట్‌ను కొనేసింది.

దానికి పోటీగా బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ 2012 జనవరిలో సుమారు 250 కోట్ల డాలర్లకు ఇన్హిబిటెక్స్ అనే కంపెనీని కొంది. వాళ్లకు కావలసింది ఒక్క అణువు. దాని కొత్త నంబరు బి.ఎమ్.ఎస్.-986094. ఇదీ ఫాస్ఫేట్ ముసుగు వేసుకున్నదే, మెక్‌గైగన్ విద్యే. తేడా అల్లా, ఇది ‘జి’ అక్షరం.

ముప్పై నాలుగు గుండెలు

ఆ ఏడాది వేసవిలో ఈ మందు రెండో దశ పరీక్షలో ఉంది. టెక్సస్‌లో మందు తీసుకుంటున్న పాతికేళ్ల యువకుడొకరు ఊపిరాడక ఆసుపత్రికి వచ్చారు. గుండె రక్తాన్ని తోయలేకపోతోంది. పాతికేళ్ల వయసులో అలాంటిది రాకూడదు. ఆగస్టు 1న కంపెనీ అందరికీ మోతాదులు ఆపేసింది. శాన్ ఆంటోనియోలో మందు తీసుకున్న 34 మందినీ వెంటనే పిలిపించి గుండెకు ఎకో పరీక్ష చేశారు. 14 మందిలో గుండె పనితనం దెబ్బతిని ఉంది. ఆ మందు తీసుకున్నవాళ్లలో మొత్తం తొమ్మిది మంది ఆసుపత్రి పాలయ్యారని, వాళ్లలో ఒకరు చనిపోయారని అదే నెలలో కంపెనీ ప్రకటించి, మందును శాశ్వతంగా వదిలేసింది. ఇదే ‘జి’ కుదురు మీద నిలిచిన మరో కంపెనీ మందు ఐ.డి.ఎక్స్.-184ను కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిలిపివేయించింది.

సోఫోస్బువిర్, 986094 రెండూ ఒకే ఎంజైమ్ మీదికి వదిలినవి. రెండిటికీ ఒకే తరహా ముసుగు. ఒకటి లక్షల మందిని బతికించింది, ఒకటి పాతికేళ్ల గుండెను కూల్చింది. ఎందుకు?

మన కణాల్లో మైటోకాండ్రియా అనే శక్తి కేంద్రాలున్నాయి. వాటికి సొంత జన్యువులు, సొంత షెడ్డు, పెట్టెలు తగిలించే సొంత పాలిమరేస్ ఉన్నాయి. ఆ ఏడాదే జేమీ ఆర్నాల్డ్, క్రెయిగ్ కామెరాన్ బృందం వెలువరించిన పరిశోధనలో, ‘జి’ తరహా దొంగ అక్షరాన్ని మన మైటోకాండ్రియా ఎంజైమ్ కూడా నమ్మి తగిలించేస్తోందని తేలింది. సోఫోస్బువిర్ అక్షరంలో బొడిపెకు తోడు, హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరిన్ ఉంది. ఆ పెట్టెను మన షెడ్డు ముట్టుకోలేదు. నిద్రలో కూడా ఆగకుండా కొట్టుకునే గుండె కండరం మైటోకాండ్రియాతో కిక్కిరిసి ఉంటుంది. శక్తి కేంద్రాలకు దెబ్బ తగిలితే అక్కడ తెలియకుండా ఎలా ఉంటుంది? గుండె దెబ్బకు ఇదొక్కటే కారణమా, కణంలో వేరే దెబ్బలూ ఉన్నాయా అని తర్వాత వాదోపవాదాలు జరిగాయి. ఒక్క విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. ముందు జంతువుల్లో చేసిన పరీక్షలు ఈ ప్రమాదాన్ని పట్టి చెప్పలేకపోయాయి. మనిషి గుండె మీదే అది బయటపడింది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచిన మాట ఇదే. మందు పుట్టుకతో క్షేమకరం కాదు. ఎవరో దాన్ని ముందుగా మింగారు, ఇంకెవరో వాళ్లను కంటికి రెప్పలా కనిపెట్టి చూశారు, తేడా వచ్చిన రోజున కోట్ల డాలర్లు పోయినా సరే ఆపేశారు. అప్పుడుగాని అది క్షేమం కాదు.

గోదావరికి ఎగువన

ప్రయోగం అన్న మాటకు మన దగ్గర చెడ్డపేరుంది, ఊరికే రాలేదు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పరిశోధన అది. భద్రాచలం చుట్టుపక్కల గిరిజన హాస్టళ్ల పిల్లలు అందులో ఎందరో. పిల్లల మరణాల వార్తలు రాగా 2010 ఏప్రిల్లో దాన్ని ఆపారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం చెప్పింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారన్నది మాత్రం తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మరో పక్క 2011లో పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి మందుల పరీక్షలు చేశారన్న వార్త రాష్ట్రాన్ని కుదిపేసింది.

టెక్సస్ ఘటనను ఈ రెండింటి పక్కన పెట్టి చూడండి. అక్కడా హాని జరిగింది, ప్రాణం పోయింది. కానీ ఎవరు మందు తీసుకున్నారో పేరుపేరునా తెలుసు కాబట్టి 34 మందినీ పిలిచి గుండె చూడగలిగారు. పిల్ల తల్లికి సంగతే చెప్పని చోట, రేపు ఆ పిల్లకి ఒంట్లో బాగోకపోతే ఎవరు ఎవరికి చెబుతారు? అంగీకార పత్రం కోర్టు కోసం రాయించుకునే కాగితం కాదు. హాని జరిగితే కబురు తిరిగి రావడానికి వేసుకునే దారి. సుప్రీంకోర్టు జోక్యం తర్వాత నిబంధనలు బిగిశాయి. 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాల, క్లినికల్ పరీక్షల నియమాలు నష్టపరిహారాన్ని, నైతిక సంఘాల బాధ్యతను స్పష్టంగా రాశాయి. రాసినదాన్ని అమలు చేయించడం మనందరి పని.

సీసా హైదరాబాద్‌లో, హెచ్చరిక అమెరికాలో

2013 డిసెంబరు 6న అమెరికాలో సోఫోస్బువిర్‌కి అనుమతి వచ్చింది. గిలియడ్ పెట్టిన ధర 12 వారాలకు 84,000 డాలర్లు. పన్నెండు వారాలంటే 84 రోజులు, 84 మాత్రలు. మాత్రకు వెయ్యి డాలర్లు. అప్పటి మారకంలో మొత్తం సుమారు 52 లక్షల రూపాయలు. మా బాబాయి జీవితమంతా సంపాదించినా అంత చూడలేదు.

హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఆ మందు పేటెంటు మీద మన పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం వేసింది. 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సు ఇచ్చింది. వాటిలో హైదరాబాద్ కంపెనీ హెటెరో ఒకటి. 2015 మార్చిలో నాట్కో కూడా లైసెన్సు తీసుకుంది. అదే నెలలో 28 మాత్రల సీసా రూ. 19,900కు బయటకు వచ్చింది. తర్వాత పోటీ పెరిగి ఇంకా తగ్గింది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితంగా ఇస్తున్నారు. సిరోసిస్ లేనివాళ్లకు సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ రోజుకొక్కో మాత్ర చొప్పున 12 వారాలు. సిరోసిస్ ఉన్నవాళ్లకు డక్లాటాస్విర్ బదులు వెల్పటాస్విర్. నూటికి తొంభై మందికి పైగా నయమవుతోంది.

అదే 2015 మార్చిలో, 24వ తేదీన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక విడుదల చేసింది. సోఫోస్బువిర్‌ని మరో వైరస్ మందుతో కలిపి వాడుతున్న తొమ్మిది మందిలో గుండె వేగం ప్రమాదకరంగా పడిపోయింది. ఒకరు గుండె ఆగి చనిపోయారు. ముగ్గురికి పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది. తొమ్మిదిలో ఆరుగురికి మొదటి 24 గంటల్లోనే అలా జరిగింది. తొమ్మిది మందీ అమియోడరోన్ వాడుతున్నవాళ్లు. గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే మాత్ర అది.

మూడో దశ దాటి, వేల మందిలో పరీక్ష జరిగాక ఇది ఎలా తప్పించుకుంది? ఒక చిన్న లెక్క ఉంది. 300 మందికి మందు ఇచ్చి ఒక్కరికీ హాని జరగలేదనుకోండి. హాని సున్నా అనకూడదు. మూడుని మూడు వందలతో భాగించండి. నూటికి ఒకరికి జరిగే అవకాశాన్ని ఇంకా కొట్టిపారేయలేం అని అర్థం. 3,000 మందిలో కనబడకపోయినా వెయ్యికి ఒకరికి జరగొచ్చు. పైగా పరీక్షల్లోకి తీసుకునేది సాధారణంగా ఇతర జబ్బులు తక్కువున్న వాళ్లనే. మన ఇళ్లలో రోగులు అలా ఉండరు. వాళ్లకు బీపీ, షుగరు, గుండె, గ్యాస్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి.

రెండో పాఠం 2016 అక్టోబరులో వచ్చింది. హెపటైటిస్ బి, సి రెండూ ఉన్నవాళ్లలో సి అణిగితే, అంతదాకా నిద్రపోతున్న బి లేచి విరుచుకుపడుతోంది. అప్పటికి నమోదైన 24 మందిలో ఇద్దరు చనిపోయారు, ఒకరికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. బి ఉన్నవాళ్లను ముందరి పరీక్షల్లో చేర్చుకోనేలేదు. అందుకే అప్పట్లో కనబడలేదు. ఇప్పుడు సి మందు మొదలుపెట్టే ముందు బి పరీక్ష చేయాలన్నది నియమం. టీబీకి వాడే రిఫాంపిసిన్ సోఫోస్బువిర్‌ని ఒంట్లో నిలవనీయదు. గ్యాస్‌కి వాడే మాత్రలు వెల్పటాస్విర్‌ని ఒంటికి సరిగా పట్టనీయవు. ఇవన్నీ మందు బయటకొచ్చాక కూడా కాపలా మానకూడదని చెబుతున్నాయి. మన దేశంలో 2010 నుంచి ఔషధ నిఘా కార్యక్రమం నడుస్తోంది. మందు వల్ల తేడా వచ్చిందనిపిస్తే రోగి అయినా 1800-180-3024 నంబరుకు చెప్పొచ్చు.

డబ్బా బోర్లించిన రోజు

బాబాయిని చూసిన డాక్టరు గారు వైరస్ లెక్క, కాలేయం ఎంత గట్టిపడిందో తెలిపే పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష రాశారు. సిరోసిస్ లేదు, బి లేదు. ఇక మందు రాస్తారనుకున్నాం. ఆవిడ కలం కిందపెట్టి, “ఇంకేమైనా మందులు వాడుతున్నారా బాబాయి గారూ?” అన్నారు.

“బీపీకి ఒకటి, గుండెకి ఏదో చిన్నది ఏసుకుంటానండి” అన్నారు బాబాయి.

“ఆ చిన్నది ఏంటో నాకు చూపించాలండి. ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకుని రేపు రండి. అయిపోయిన అట్టలతో సహా.”

మర్నాడు పిన్ని కాజా డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. డాక్టరు గారు డబ్బాను బల్ల మీద బోర్లించి ఒక్కో అట్టా వెలుతురుకు పట్టి చదివారు. నాలుగో అట్ట దగ్గర ఆగారు. మూడు మాత్రలు మిగిలిన వెండి రంగు అట్ట. వెనక చిన్న అక్షరాల్లో అమియోడరోన్ అని ఉంది. రెండేళ్ల కిందట గుండె దడకు ఎవరో రాసిచ్చినది. అప్పటినుంచి చీటీ మారలేదు, మాత్ర ఆగలేదు.

ఆవిడ ఆ రోజు సోఫోస్బువిర్ ఇవ్వలేదు. గుండె డాక్టరుతో మాట్లాడి, ఆ మాత్ర బదులు వేరేది రాయించారు. అమియోడరోన్ ఆపేసినా నెలల తరబడి ఒంట్లో నిలవ ఉంటుందని, అది తగ్గేదాకా ఆగాలని చెప్పారు. ఏళ్ల తరబడి మోసిన వైరస్ ఇంకో మూడు నెలలు ఆగితే కొంప మునగదు. మందు మొదలుపెట్టిన రోజుల్లో నాడి చూడడం నాకు నేర్పించారు. నిమిషానికి ఎన్నో రాసి పెట్టమన్నారు. కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

84 రోజులు పొద్దున్నే కాఫీ తర్వాత మాత్రలు. పిన్ని కేలండర్లో రోజూ ఒక గీత గీసింది. అయిపోయిన 12 వారాలకు మళ్లీ పరీక్ష చేయించాం, అప్పుడు వైరస్ కనబడకపోతేనే నయమైనట్టు లెక్క. కాగితం మీద ‘కనబడలేదు’ అని వచ్చింది. మచ్చ కట్టిన కాలేయానికి ఆ తర్వాత కూడా చూపించుకుంటూ ఉండాలి, ఈ వైరస్ మళ్లీ సోకే వీలూ ఉంది, అని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు.

ఆవిడ డబ్బా ఎందుకు తెమ్మన్నారో ఆ రోజు నాకు పూర్తిగా తెలియదు. తర్వాత చదివాను. ఆ ప్రశ్న వెనక అమియోడరోన్ వాడిన, పేర్లు తెలియని తొమ్మిది మంది ఉన్నారు. అంతకు ముందే ఫలానా అణువు ముట్టుకోకూడదని తమ గుండెలతో చెప్పిన వాళ్లున్నారు. వాళ్లకు జరిగింది ఎవరో రాసిపెట్టారు, ఇంకెవరో చదివారు, కాకినాడలో ఒక డాక్టరు గుర్తుపెట్టుకుని అడిగారు. ఈ గొలుసులో ఒక్క చేయి జారినా బాబాయి మొదటి మాత్ర వేసుకున్న రాత్రే ఏం జరిగేదో.

ఇప్పుడు ఆ డబ్బా మూత లోపల ఒక కాగితం అంటించి ఉంది. ఆయన వాడే ప్రతి మందు పేరు, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి, అన్నీ బాబాయి చేతిరాతలో ఉన్నాయి. వీధిలో ఎవరైనా ఆసుపత్రికి బయల్దేరుతుంటే అరుగు మీంచి కేకేస్తారు: “ఏవండోయ్, మందుల డబ్బా పట్టుకెళ్తున్నారా లేదా?”